బిగించినంత సులువా విప్పడం?

తుప్పు పట్టిన స్క్రూ మొండికేస్తే మెకానిక్కు చెయ్యి ముందుగా వెళ్లేది డబ్ల్యూడీ-40 డబ్బా మీదికే. అది పుట్టింది క్షిపణి కోసమంటే నమ్ముతారా? 1953లో అమెరికాలోని శాన్‌డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ వాళ్లు అట్లాస్ క్షిపణి పైరేకుకు తుప్పు పట్టకుండా తేమను తరిమే ద్రవం కోసం తంటాలు పడ్డారు. నలభయ్యోసారికి కుదిరింది. పేరులోని 40 అదే. పనివాళ్లు గుట్టుగా ఇళ్లకు పట్టుకుపోతుంటే కంపెనీకి అసలు వ్యాపారం తట్టింది. 1958లో సరుకు అంగళ్లకెక్కింది.

నూనె తుప్పును వదిలిస్తుంది గానీ అరిగిన తలకు మందు కాదు. ఆ తల కథ ఇంకా రుచిగా ఉంటుంది.

కెనడాలో పీటర్ రాబర్ట్‌సన్ ఊరూరా తిరిగి పనిముట్లు అమ్మేవాడు. మాంట్రియల్‌లో జనానికి స్క్రూడ్రైవర్ చూపిస్తుండగా అది గాడి తప్పి చెయ్యి కోసిందట. ఆ మంటతోనే కాబోలు, 1908లో తలలో చదరపు గుంట ఉన్న స్క్రూ చేశాడు. స్క్రూడ్రైవర్ మొన అందులో కూర్చుందంటే జారదు. ఒంటారియోలోని మిల్టన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. కెనడాలో ఫోర్డ్ మోడల్ టి కార్లకు అవే వాడారు. ఫోర్డ్ ముచ్చటపడి హక్కులడిగితే, పెత్తనం వదులుకోలేక రాబర్ట్‌సన్ కాదన్నాడు. అమెరికాలో అంత పెద్ద బేరం అలా చేజారింది.

ఆ ఖాళీలోకి హెన్రీ ఫిలిప్స్ దూరాడు. జాన్ థాంప్సన్ అనే ఆయన ఆలోచనను కొని, సానబట్టి, 1936లో క్యాడిలాక్ కార్లకెక్కించాడు. మనం స్టార్ స్క్రూ అనేది దాన్నే. గాడి గోడలు ఏటవాలు కాబట్టి మొన దానంతటదే మధ్యకు చేరుతుంది, ఫ్యాక్టరీలో చకచకా బిగించొచ్చు. విప్పేటప్పుడు ఆ ఏటవాలే కొంప ముంచుతుంది: బలం పెట్టేకొద్దీ మొన పైకి తన్నుకొచ్చి గాడిని కొరికేస్తుంది.

ఈ తలలన్నిటికీ చాలా ముందే, 15వ శతాబ్దపు ఐరోపా కవచాల్లోనే స్క్రూలున్నాయి. 1841లో బ్రిటిష్ ఇంజినీరు విట్‌వర్త్ చుట్లకు ఒక కొలత ప్రతిపాదించేదాకా ఎవరి చుట్లు వారివే. ఒకటి విరిగితే దానికి జోడీ దొరకదు, విప్పేవాడికి ఓపిక తప్పనిసరి. మళ్లీ ఊడదీయగలగడమే మేకు మీద స్క్రూకున్న గొప్ప. బిగించే వేగాన్ని మెచ్చుకుంటూ ఆ ఓపికను పోగొట్టుకున్నాం.

ఇనుము కంటే దాని తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, చుట్ల మధ్య బిగుసుకుంటుంది. కాబట్టి నూనె వేసి రాత్రంతా వదిలేయండి. తల మీద సుత్తితో చిన్నగా తట్టండి. గాడికి అచ్చంగా సరిపోయే మొన పెట్టి, గట్టిగా అదిమి, ముందు కాస్త బిగింపు వైపే తిప్పండి. పట్టు వదిలిందనిపించాకే విప్పండి. మొన గాడిలో ఊగుతుంటే మాత్రం తిప్పొద్దు, మొన మార్చండి.