ఉన్నత పాఠశాల యెన్ని యేండ్లు? - తమిళనాట తెలుగు విద్యార్థుల స్థితి

ఉన్నత పాఠశాల విద్య యెన్ని యేండ్లు సాగవలయునను ప్రశ్న మన దేశమున నూఱేండ్లకు పైగా చర్చింపబడుచున్నది. పండితులు దీనిని విశ్వవిద్యాలయముల దృష్టితో చూచిరి. ప్రభుత్వములు వ్యయదృష్టితో చూచినవి. హోసూరు సీమలో తెలుగు బోధించు మావంటి వారికి ఇందు వేఱొక విషయము కనబడును. దానిని విన్నవించుటయే యీ వ్యాసోద్దేశము.

ఈ చర్చలో తొలి ముఖ్యఘట్టము 1917లో శాడ్లరు అధ్యక్షతన నియమింపబడిన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘము. ఇంటర్మీడియట్ తరగతులు విశ్వవిద్యాలయమునకు చెందవలసినవి కావనియు, వానిని వేఱుగా గాని ఉన్నత పాఠశాలలకు చేర్చి గాని నడుపవలయుననియు ఆ సంఘము 1919లో అభిప్రాయపడెను.

స్వాతంత్ర్యానంతరము 1952లో ఏర్పడిన మాధ్యమిక విద్యాసంఘమునకు మదరాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షత వహించిరి. రెండేండ్ల ఇంటర్మీడియట్‌ను తొలగించి, అందొక యేటిని పాఠశాలకును, ఒక యేటిని పట్టపు చదువునకును చేర్చవలయునని 1953లో వారు సూచించిరి. మదరాసు రాష్ట్రమున ఇంటర్మీడియట్ పోయినది గాని, సామాన్యముగా పాఠశాల పెరుగలేదు. పదునొకండేండ్ల ఎస్.ఎస్.ఎల్.సి. అట్లే నిలిచెను. దానిపై ఒక యేటి ప్రీయూనివర్సిటీ తరగతి కళాశాలలలో వెలసెను. కళాశాల పట్టణమున నుండును గనుక, పల్లెటూరి బాలునికి చదువు పదునొకండవ తరగతితోనే తీరుచుండెడిది.

పిమ్మట డాక్టరు డి. ఎస్. కొఠారి అధ్యక్షతన 1964 - 66 నడుమ పనిచేసిన విద్యాసంఘము పది, రెండు, మూడు అను క్రమమును ప్రతిపాదించెను. ఆ నడిమి రెండేండ్లను ఎచ్చట నుంచవలయునను విషయమున రాష్ట్రములు వేర్వేఱు దారులు తొక్కినవి. ఆంధ్రప్రదేశ్ 1971 నాటి చట్టముతో ఇంటర్మీడియట్ విద్యకు ప్రత్యేక మండలి నేర్పఱచుకొనెను. తమిళనాడు 1978లో ఆ రెండేండ్లను పాఠశాలలకే చేర్చెను. ప్లస్ టూ తొలి పరీక్ష 1980లో జరిగెను.

తమిళనాడు చేసిన పని మంచిదే యని నా దృఢాభిప్రాయము. ఇంటికి దగ్గఱనున్న బడిలోనే పండ్రెండవ తరగతి వఱకు చదువు లభించుటచే, ముఖ్యముగా బాలికలకు, కలిగిన మేలు సామాన్యమైనది కాదు. రెండేండ్లు పెంచినచో కుటుంబమునకు సంపాదన ఆలస్యమగునని కొందఱనిరి. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పదునాఱేండ్ల పిల్లవానికి దొరకు పని యెట్టిదో మా సీమలోని కర్మాగారముల వాకిళ్ళలో చూచినవారు ఆ వాదమును గట్టిగా పట్టుకొనలేరు.

అయినను తెలుగు మాధ్యమమున చదువు బిడ్డల లెక్క వేఱు. పూర్వము ఎస్.ఎస్.ఎల్.సి. పదునొకండవ తరగతిలో నుండెను. దానిని తెలుగున చదివినవారు పదునొకండేండ్లు తెలుగున చదివిరన్నమాట. 1978 తర్వాత ఎస్.ఎస్.ఎల్.సి. పదవ తరగతికి దిగినది. పై రెండు తరగతులు నే నెఱిగిన బడులలో పెక్కింట తమిళమునను, ఆంగ్లమునను మాత్రమే నడచినవి. అందఱి పాఠశాల ఒక యేడు పెరిగినది. మా పిల్లల తెలుగు చదువు ఒక యేడు తఱిగినది.

దీనికి కారణము ద్వేషము కాదు, నియమముల స్వభావము. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే చెప్పుచున్నది. మాధ్యమిక దశకు ఏర్పడిన నియమము చివరి నాలుగు తరగతులలో 60 మంది, తరగతికి 15 మంది విద్యార్థులుండవలయునన్నది. పదవ తరగతిలో 20 మంది యున్నను, పై తరగతిలో గణితము, జీవశాస్త్రము, వాణిజ్యము అని శాఖలుగా చీలినప్పుడు ఏ శాఖకును 15 మంది మిగులరు. భౌతిక, రసాయనశాస్త్రములను తెలుగున చెప్పు అధ్యాపకుడును దొరకడు.

తర్వాత 2006లో తమిళ బోధనా చట్టము వచ్చెను. పదవ తరగతి వఱకు తమిళము ప్రథమభాషయై, ఇతర మాతృభాషలకు ఐచ్ఛికస్థానము మిగిలెను. తమిళము నేర్చుటకు మే మెవ్వరమును విముఖులము కాము. అది మా అంగడి భాష, మా ఇరుగుపొరుగు భాష. మా విన్నపమెల్ల తెలుగును గూర్చియే.

కొన్ని యేండ్ల క్రిందట మా బడిలో పదవ తరగతి ముగించిన ఒక బాలిక తండ్రి, సేద్యము చేయువాడు, నా యొద్దకు వచ్చి, “అయివారూ, పదిదాకా తెలుగులో చదివిస్తిమి. లెక్కల్లో బాగా వచ్చె. ఇంక పైకి ఏ బడికి పంపాల?” అని యడిగెను. సరిహద్దు దాటి కుప్పము పంపవచ్చునంటిని. ఆడబిడ్డను హాస్టలులో నుంచుటకు ఆతడు జంకెను. బాలిక దగ్గఱి తమిళ మాధ్యమ తరగతిలో చేరి, అర్ధసంవత్సర పరీక్షలకు ముందే చదువు మానెను. ఆమె తెలివికి లోపము లేదు. నేనును ఆ దారినే నడచినవాడను. ‘త్వరణము’ అని నేర్చినదానిని ‘ముడుక్కం’ అని మరల నేర్చుకొనవలసివచ్చినప్పుడు, తెలిసిన పాఠమే తెలియనిదైనది. నాకు ఇంట దిద్దెడి అన్న యుండెను. ఆ బాలికకు ఎవ్వరును లేరు.

జాతీయ విద్యావిధానము 2020లో తొమ్మిది మొదలు పండ్రెండు వఱకు నాలుగేండ్లను ఒకే దశగా చెప్పెను. తమిళనాడు ఆ విధానమును అంగీకరింపలేదు గాని, ఇచ్చట బడిలో పండ్రెండేండ్ల చదువు ఇదివఱకే కలదు. కనుక మనము కోరవలసినది మఱికొన్ని యేండ్లు కాదు, ఉన్న యేండ్లలో తెలుగునకు చోటు. నాలుగైదు తెలుగు ఉన్నత పాఠశాలల విద్యార్థులను ఒకచోట చేర్చినచో 15 మంది లెక్క కుదురును. అట్టి కేంద్రమున తెలుగు మాధ్యమము సాధ్యము కానిచో, కనీసము తెలుగు భాషాపాఠమైనను పండ్రెండవ తరగతి వఱకు సాగవలయును. శాస్త్రపదములను తెలుగు, తమిళము, ఆంగ్లముల ప్రక్కప్రక్కన చూపు చిన్న పుస్తకమును మన సంఘములే అచ్చొత్తించి పదవ తరగతి పిల్లలకు పంచవచ్చును. దానికి ప్రభుత్వాజ్ఞ అక్కఱలేదు.

షోలాపురము, బరంపురముల తెలుగువారును తమ పిల్లల చదువు ఏ తరగతిలో తెలుగును విడుచుచున్నదో లెక్కించి చూతురు గాక. ఆ తండ్రి యడిగిన ప్రశ్నకు నేనాడు సరియైన యుత్తర మీయలేకపోతిని. మఱియొక తండ్రి వచ్చునాటికైనను ఉత్తరము సిద్ధముగా నుండునట్లు చేయుట మన విధి.