అనుభవం లేదని చెప్పకండి
"ముసలోళ్లని చూసుకున్న అనుభవం ఉందా?" అని ఏజెంటు అడిగితే లేదన్నాను. జీతం తగ్గించి రాసుకున్నాడు. ఊళ్లో మంచాన పడిన అత్తని మూడేళ్లు చూశా. అది పనే అని ఎవరన్నారు?

చట్టాలూ అంతే. 2003 ఒమన్ కార్మిక చట్టం ఇంటిపనివాళ్లని బయటే పెట్టింది. 2004లో మనకి వేరే నిబంధనలు ఇచ్చారు. 2023 కొత్త చట్టంలోనూ మనం లేం. ఇండియాలో 2016లో, ఈసీఆర్ పాస్‌పోర్టు ఆడవాళ్లు ఇంటిపనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలన్నారు. వయసు 30 నిండాలి. ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి.

విజిట్ వీసా మీద వస్తే ఆ కాస్త కాగితం బలం కూడా ఉండదు. అగ్రిమెంటు ఫొటో తీసి ఇంటికి పంపండి. అడిగితే అత్త సంగతి చెప్పండి. అదే అనుభవం.