ఇడ్డెన పూర్వచరిత్రము

ప్రాతఃకాలమున ఇడ్డెన లేనిదే నాకు తెల్లవాఱదు. ఇది కేవలము తెనుఁగువారి సొత్తని చాటఁగోరి గ్రంథములు తిరుగవేసి భంగపడితిని. క్రీ.శ. 920 ప్రాంతపు కన్నడ వడ్డారాధనలోనే 'ఇడ్డలిగె' యను పేరున్నది. 1025 నాఁటి లోకోపకారము మినుములను మజ్జిగలో నానవేసి రుబ్బుమన్నది. 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్యప్రభువు మూఁడవ సోమేశ్వరుఁడు రచించిన మానసోల్లాసమున 'ఇడ్డరిక' కలదు, అదియు మినుపపిండియే. మిరియము, జీలకఱ్ఱ, ఇంగువ సమృద్ధిగా నున్నవి గాని బియ్యపురవ్వ జాడ యీ రెంటను లేదు! పేరు నిలిచినది, పాకము మాఱినది.

సోమేశ్వరుఁడు వర్ణించినది రాజభోజనము గదా, పేదయింటి రవ్వ యిడ్డెన యాతని కంటఁబడలేదేమోయని నా మనస్సింకను వాదించుచున్నది. వాదమునకు ఆధారము శూన్యము. రేపటికి మాత్రము పిండి రుబ్బి యున్నది.