పదవి విడిచే ముందు రోజు తీర్పు



మన షాద్‌నగర్ ప్రాంతం నుండి పొట్టకూటికై దుబాయి, సౌదీ పోయినవారు ఎందరో ఉన్నారు. నేడు హజ్‌కు పోవాలన్నా పాస్‌పోర్టు తప్పదు. మరి ఆ చిన్న పుస్తకం మన హక్కా, సర్కారు వారి దయా? 1967 వరకు సర్కారు దాన్ని దయగానే లెక్కించేది. ఆ లెక్కను మార్చినవారు మన తెలుగువారే, జస్టిస్ కోకా సుబ్బారావు గారు.

వీరు 1902లో రాజమండ్రిలో జన్మించారు. 1954లో గుంటూరులో ఏర్పడ్డ ఆంధ్ర హైకోర్టుకు, 1956 నుండి హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీం కోర్టుకు వెళ్లి, 1966 జూన్ 30న దాని ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆ పదవిలో ఉన్నది పది మాసాలకన్నా తక్కువే. అయినా 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతోనైనా తీసివేయరాదని ప్రకటించారు. పదకొండుగురిలో ఆరుగురిది ఆ మాట. 1973లో కేశవానంద భారతి కేసులో కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది గాని, రాజ్యాంగ మూల స్వరూపాన్ని మార్చరాదని హద్దు గీసింది.

ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ కేసు తీర్పు వచ్చింది. విదేశ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టమంటూ లేకుండా అధికారి తన ఇష్టానుసారం పాస్‌పోర్టు నిరాకరించరాదనీ సుబ్బారావు గారు రాశారు. ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ హిదాయతుల్లా సాహెబ్. గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావు గారి వైపు నిలిచిన న్యాయమూర్తే ఆయన!

మరునాడే సుబ్బారావు గారు రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. గెలిచింది హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్, దేశానికి తొలి ముస్లిం రాష్ట్రపతి. ఆ గెలుపు మనకు గర్వకారణమే. కాని ఓడిన పెద్దమనిషి ఋణం కూడా మరువరాదు. మనవాడా, పరాయివాడా అని చూసుకుంటూ పోతే ఈ చరిత్ర బోధపడదు.

ఆ తీర్పు ఫలితంగానే 1967 జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నిరాకరిస్తే సాధారణంగా కారణం రాతపూర్వకంగా అడగవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు. కాబట్టి సోదరులారా, "కుదరదు పో" అన్నంత మాత్రాన ఆఫీసు మెట్లు దిగి రాకండి. కారణం కాగితం మీద అడగండి. అది బతిమాలుకోవడం కాదు, మన హక్కు.