డస్టర్ కారు – మన వలస చరిత్ర

డస్టర్ అనగానే మనకు నల్లబల్ల తుడిచే సాధనం గుర్తుకు వస్తుంది. బడిపంతులుగా జీవితం గడిపిన నాకు మరీను. కాని అమెరికాలో ప్లిమత్ సంస్థ 1970 మోడలుగా విడుదల చేసిన ఒక కారు పేరు కూడా డస్టరే. అక్కడ ఆ పేరుకు గుర్తుగా కారు మీద సుడిగాలి బొమ్మ వేశారు. దుమ్ము తుఫానులకు అలవాటుపడిన మన ఎగైలాకు అంతకంటె తగిన పేరు ఏముంటుంది?

సంస్కృతి ఉత్సవ సంచికలో పాత అమెరికన్ కారు సంగతి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. ఆ కారు యుగం అస్తమించడానికీ, మన తెలుగువారు వేల సంఖ్యలో కువైట్ చేరడానికీ ఒకే సంఘటన తోడ్పడింది. ఆ సంఘటన జరిగినది కూడా కువైట్‌లోనే. అందుచేత ఆ కారు చరిత్ర మన చరిత్రకు దూరపు చుట్టం.

అమెరికావారి కార్లు పూర్వం చాల పెద్దవి. పొదుపు కోరేవారి కోసం 1960 మోడళ్ళుగా ఫోర్డ్ ఫాల్కన్, షెవర్లే కార్వేర్, క్రైస్లర్ వారి వేలియంట్ అనే చిన్న కార్లు వచ్చాయి. తరువాత కొన్నేళ్ళకు ఇటువంటి చిన్న శరీరంలో పెద్ద ఇంజను పెట్టే ఆలోచన పుట్టింది. షెవర్లే నోవా, డాడ్జ్ డార్ట్ ఆ దారిలో నడిచాయి. డస్టర్ ఈ వేలియంట్ వంశానికి చెందినదే. దానిలో ‘డస్టర్ 340’ అనే రకానికి 340 ఘనపు అంగుళాల, అనగా సుమారు 5.6 లీటర్ల, వి-8 ఇంజను అమర్చారు. దాని శక్తి 275 అశ్వశక్తి అని కంపెనీ ప్రకటించింది. ధర 2,600 డాలర్లలోపే. ఉద్యోగంలో కొత్తగా చేరిన యువకునికి కూడా అందుబాటులో ఉండే వేగం అది.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలువలేదు. భీమా రుసుములు పెరిగాయి. 1970లో అమెరికా ప్రభుత్వం వాయు కాలుష్యంపై కఠినమైన చట్టం చేసింది. ఇంజనుల శక్తి తగ్గుతూ వచ్చింది. అటువంటి సమయంలో 1973 అక్టోబరు యుద్ధం వచ్చింది. అక్టోబరు 16న గల్ఫ్ చమురు దేశాల ప్రతినిధులు కువైట్‌లో సమావేశమై ముడిచమురు ధరను సుమారు 70 శాతం పెంచారు. మరునాడు అరబ్బు చమురు మంత్రులు అక్కడే కూర్చుని ఉత్పత్తిని నెలనెలా 5 శాతం తగ్గించాలని నిశ్చయించారు. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. పెద్ద ఇంజను అక్కడ భారమైంది. 1976తో డస్టర్ తయారీ ఆగిపోయింది.

అదే చమురు ధర ఇక్కడ రోడ్లుగా, బడులుగా, ఆసుపత్రులుగా, ఇళ్ళుగా మారింది. వాటిని కట్టడానికి చేతులు కావలసి వచ్చాయి. కడప జిల్లా నుంచీ, ఉభయ గోదావరి జిల్లాల నుంచీ మనవారు తాపీ పనికి, డ్రైవరు పనికి, ఇంటి పనికి బయలుదేరారు. అమెరికాలో ఒక తలుపు మూసుకున్నప్పుడు మనకు ఇక్కడ ఒక తలుపు తెరుచుకున్నది.

మా కుటుంబం అంతకు ముందే దేశం విడిచినది. మా తాతగారు గోదావరి తీరం నుంచి రంగూన్ వెళ్ళారు. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు వేలాది ఆంధ్రులతో పాటు కాలినడకన తిరిగి వచ్చారు. కాగితాలన్నీ అక్కడే పోయాయి. మా నాన్నగారు 1950 దశకంలో అహ్మదీ చేరారు. అప్పటికి కువైట్‌లో మన రూపాయే చెల్లుబాటు. దీనారు వచ్చినది 1961లో. 1975లో, స్వదేశానికి మరలిపోతున్న ఒక అమెరికన్ ఇంజనీరు దగ్గర ఆయన డస్టర్ 340ని కొన్నారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ప్రవేశించింది. బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాను చేరిన భారతీయులను అమ్మాన్ నుంచి విమానాలలో తరలించారు. అలా ఇల్లు చేరినవారు సుమారు 1,70,000 మంది. మేమూ వారిలో ఉన్నాము. మళ్ళీ కాగితాలు పోయాయి. కారు మాత్రం ఒక కువైటీ మిత్రుని ఇంటి వెనుక, చక్రాలు ఊడదీసిన స్థితిలో మిగిలింది. ఆరు వందలకు పైగా చమురు బావులు మండిన 1991 నాటి మసి దాని తలుపు సందులలో ఎన్నో ఏళ్ళ తరువాత కూడా కనిపించింది.

పదవీ విరమణ తరువాత ఎగైలాలో ఆ కారును బాగుచేయడానికి పూనుకున్నాను. ఈ కారుకు వేరే చట్రం ఉండదు. రేకు శరీరమే చట్రం. కనుక నేల రేకు తుప్పు పడితే బలమే పోతుంది. సముద్రపు ఉప్పుగాలి ఆ పనిని చక్కగా చేసి పెట్టింది. షువైఖ్ గ్యారేజీలో పనిచేసే రాయచోటి వైపు మెకానిక్ ఒకరు రేకంతా సుత్తితో తట్టి చూసి, “బాగుండేదాన్ని అట్లనే ఉండనిద్దాం సార్, చెడిందే కోసేద్దాం” అన్నాడు. పునరుద్ధరణకు ఇంతకంటె మంచి సూత్రం నేను ఏ పుస్తకంలోనూ చదువలేదు.

సీసం కలిపిన పెట్రోలు కోసం చేసిన ఇంజను కనుక, ఈనాటి పెట్రోలుకు తట్టుకొనే గట్టి వాల్వు సీట్లు వేయించాము. దాని కంప్రెషను ఎక్కువ. అందుకే 98 ఆక్టేన్ పోస్తున్నాము. వేసవిలో కార్బురేటరు చేరేలోగా పైపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. పైపును ఇంజను వేడికి దూరంగా మళ్ళించి, రేడియేటరు మార్చాము. ఇప్పుడు శీతకాలపు శుక్రవారం తెల్లవారుజామున ఫహాహీల్ రోడ్డు మీద నడుపుతాను. స్టీరింగు బరువు, పెట్రోలు వాసన, సీటు కింద ఇంజను గురక – ఇవి అద్దాల పెట్టెలో పెట్టిన కారు చెప్పలేని సంగతులు. నడిపితేనే అది కారు. సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్న నేను భాష గురించి కూడా ఇదే మాట చెబుతాను.

ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉన్నది. ఆ కారు ముందు అద్దం కింద ఒక చిన్న రేకు మీద 13 గుర్తులు ఉన్నాయి. మొదటి అక్షరం వంశాన్ని చెబుతుంది. అయిదవది ఇంజనును, ఆరవది సంవత్సరాన్ని, ఏడవది ఫ్యాక్టరీని తెలుపుతాయి. చివరి ఆరు అంకెలు దాని వరుస సంఖ్య. యాభై ఏళ్ళకు పైగా గడిచినా, యుద్ధం వచ్చినా, ఎక్కడ పుట్టినదో ఆ కారు చెప్పగలదు. మా తాతగారు రంగూన్‌లో ఏ మిల్లులో పనిచేశారో నాకు తెలియదు. చెప్పగలవారు పోయారు, అడగవలసిన వయసులో నేను ఆడుకుంటున్నాను.

మనం ఈ దేశంలో ఎన్ని తరాలున్నా, రెసిడెన్సీ ముద్ర ఉన్నంతకాలమే ఉంటాము. పిల్లలు మరో దేశం వెళతారు. కార్లు, ఇళ్ళు వెంట రావు. కనుక ఈ ఉత్సవానికి వచ్చిన ప్రతి కుటుంబానికీ నా మనవి: ఇంటిలోని పెద్దవారిని ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ ఓడ లేక విమానం, ఏ పని, ఎవరి దగ్గర, ఎంత జీతం – ఒక పుటలో వ్రాయండి. తెలుగులో వ్రాయండి, తప్పులుంటే దిద్దుకోవచ్చు. ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి మరో దేశంలోని బంధువుల దగ్గర ఉంచండి. ఇనుప బండికి ఉన్నపాటి జన్మపత్రం మన పెద్దల శ్రమకూ ఉండాలి.