తలుపు కడుపులో చెయ్యి

వెల్లకిలా పడుకో. కింద పరిచింది ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె. మురికి అనుకోకు, ఈ షెడ్డులో అంతకంటే శుభ్రమైన చోటు లేదు. నీ ముక్కుకి జానెడు పైన 1972 అంబాసిడర్, మార్క్ 2. విజయవాడ ఆటోనగర్, అక్టోబరు. రాత్రి కురిసిన వాన షెడ్డు రేకుల మీంచి ఇంకా బొట్లుబొట్లుగా రాలుతోంది. కారు మీ తాతగారిది. పైరంగు మేస్త్రి కొడతాడు. కనపడని చోట్లకి మాత్రం నిన్ను రమ్మన్నాడు.

"నా చెయ్యి దూరదు బాబూ. నీది సన్నం. కారు నీది, నువ్వే చూసుకో."

స్క్రూడ్రైవరు తీసుకో. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒక బోలు పెట్టె ఉంది. మేస్త్రి దాన్ని గడప అంటాడు. పిడితో కొట్టు. టంగ్. ఇంకో జానెడు వెనక్కి జరిగి కొట్టు. టంగ్. ఇంకొంచెం. థప్.

థప్ అన్నచోట మొనతో పొడువు. ఇనుము కదా, ఆగాలి. ఆగదు. స్క్రూడ్రైవరు వేలెడు లోతు దిగిపోతుంది, ఎర్రటి పొడి కళ్ళల్లో రాలుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోమని మేస్త్రి ముందే ఇచ్చాడు. నువ్వు జేబులో పెట్టుకున్నావు.

కన్నంలో వేలు పెట్టి లాగితే లప్పం పెచ్చు ఊడొస్తుంది. దాని వెనక ఉండచుట్టిన న్యూస్‌పేపరు. అక్షరాలు ఇంకా ఆనవాలు పడుతున్నాయి, ఏదో సినిమా ప్రకటన. ఎప్పుడో ఎవరో కన్నంలో కాగితం కుక్కి, లప్పం మెత్తి, పైన అద్దంలాంటి రంగు కొట్టి డబ్బులు తీసుకున్నారు. ఆ కాగితం అప్పట్నుంచి ప్రతి వానకీ నీళ్ళు పీల్చి ఇనుముకి తాగిస్తూనే ఉంది.

మేస్త్రి వంగి చూస్తాడు. తిట్టడు. నాలుగు తలుపులూ మూయించి, కారు కింద రెండు వైపులా స్టాండ్లు పెట్టిస్తాడు. ఒక్క చిన్న రేకు అతకడానికి ఇంత హడావిడి ఎందుకు? ఎందుకంటే లారీకి ఉన్నట్టు ఈ కారుకి విడిగా చాసిస్ లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఈ ఒంటికి రేకే ఎముక. ఆసరా లేకుండా గడప కోస్తే కారు నడుం కుంగుతుంది. ఆ తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు.

వెల్డింగు ఒక రోజు తింటుంది. తినని.

ఇప్పుడు తలుపు. లోపలి అట్ట విప్పేశారు, కనిపిస్తున్న కంతలోంచి చెయ్యి మోచేతి దాకా పోనియ్యి. రేకు అంచు బ్లేడులా ఉంది, నెమ్మది. అద్దం దిగే పట్టీ దాటాక అడుగున వేళ్ళకి ఏదో మెత్తగా తగులుతుంది. ఫిల్టర్లో మిగిలిన కాఫీ పిప్పిలా. పిడికెడు తీసి వెలుతుర్లో చూడు. సగం మట్టి, సగం తుప్పు.

తలుపులోకి అంత నీళ్ళెలా వెళ్ళాయి? ప్రతి వానకీ వెళ్తాయి. అద్దం మీద జారే నీరు తలుపు కడుపులోకే దిగుతుంది. అది లోపం కాదు, అలాగే చేశారు. నీళ్ళు బయటికి పోవడానికి అడుగున కన్నాలున్నాయి. వెతుకు. చిటికెన వేలికి ఒకటి దొరుకుతుంది, పూడిపోయి. ఇంకో జానెడు అవతల ఇంకోటి. మూల మలుపులో మూడోది. మూడూ రంగుతో, మట్టితో బిగుసుకుపోయాయి. పాత పెయింటరు కారంతా అందంగా కప్పేశాడు, కప్పకూడని మూడు చోట్లతో సహా.

పొడిచి తెరువు. ఒక్కో కన్నంలో ఒక్కో చీపురుపుల్ల గుచ్చు. గడప అడుగు కన్నాల్లోనూ అంతే. రంగు ఎంత కారినా అక్కడ పూడదు.

తీగబ్రష్షుతో అందినంత గీకు. అందని చోట తుప్పు మందు. చేతికి గ్లవ్స్ వేసుకో, అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది. ఎర్రటి తుప్పు నీ కళ్ళముందే నల్లబడుతుంది. ఇక ప్రైమర్. మేస్త్రి అలవాటుగా రెడ్ ఆక్సైడ్ డబ్బా అందిస్తాడు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకు. మామూలు రెడ్ ఆక్సైడ్ పైన ఇంకో రంగు పొర లేకపోతే చెమ్మని పీల్చుకుంటుంది. తలుపు కడుపులో, గడప లోపల ఆ రెండో పొర ఎవరు కొడతారు? రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ తెప్పించు. ఆయన మొహం ముడుచుకుంటాడు. ముడుచుకోని.

గడప లోపలికి స్ప్రేగన్ దూరదు. కానీ ఎపాక్సీ చూసి మూతి ముడిచిన మేస్త్రే దీనికి ఉపాయం తీస్తాడు. గన్ ముక్కుకి చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టం బిగిస్తాడు, చివర కాల్చి మూసేసి, చుట్టూ సూదితో కన్నాలు పొడుస్తాడు. గొట్టం మొత్తం లోపలికి తోసెయ్. ట్రిగ్గర్ నొక్కి, అంగుళం అంగుళం వెనక్కి లాగు. ఏమీ కనపడదు. బుస్సుమనే చప్పుడు మాత్రం గడపలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. కింద చీపురుపుల్ల చుట్టూ చూడు. బూడిదరంగు బొట్టు ఒకటి ఊరింది. చేరింది.

మధ్యాహ్నం డిక్కీ. ఇక్కడ పైరంగే కొట్టాలి, తెలుపు కలిసిన నీలం, థిన్నర్‌తో పలచన చేసే పాతరకం డ్యూకో. మూల ఇరుకు కాబట్టి గాలి తగ్గించు, లేకపోతే కొట్టిన రంగు తిరిగి నీ మొహానికే. మొదటి పూత పడుతుంది. నిమిషంలో నీలం మాయమై బూడిదగుమ్మడికాయ మీది పొడిలా తెల్లబారుతుంది. థిన్నర్ ఆవిరైపోతూ రేకుని చల్లబరిచింది, గాలిలో చెమ్మ వచ్చి వాలింది.

"వానగాలి పోయేదాకా ఆగు" అని మేస్త్రి భోజనానికి వెళ్తాడు.

నువ్వు ఆగవు. రేకు వెచ్చబడితే చాలు కదా! నూరు వాట్ల బల్బు, ఇనుపగూడు, కొక్కెం. డిక్కీ అంచుకి తగిలిస్తావు. నడుం దాకా లోపలికి వంగుతావు. ముక్కుకి జేబురుమాలు. ట్రిగ్గర్ నొక్కుతావు.

నాలుక మీద తియ్యగా ఏదో. కణతల్లో సన్నటి మోత. రుమాలు దుమ్మునాపుతుంది, ఆవిరినాపదు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు. డిక్కీ తొట్టిలో నీళ్ళలా నిండుతోంది. నువ్వు అందులో మునిగి ఉన్నావు. థిన్నర్లో ఉండే టోలీన్ 4 డిగ్రీల చలిలోనే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఇక్కడ ముప్ఫై దాటింది.

కొక్కెం జారింది.

బల్బు ఊగుతోంది. గూడు రేకుకి తగిలింది. టక్. పగల్లేదు. మళ్ళీ ఊగుతోంది.

పగిలితే లోపల తీగ. ఎర్రగా.

స్విచ్ లాంపు పిడి మీదే ఉంది. బెత్తెడు. వేలు వెళ్తోంది.

వద్దు. స్విచ్‌లోనూ రవ్వ ఉంటుంది.

ట్రిగ్గర్ వదులు. గూడు పట్టుకో. కాలుతోంది. పట్టుకో. వెనక్కి. తల దించు. ఇంకా వెనక్కి. బయటికి. నాలుగు అడుగులు. ఇంకో నాలుగు.

"ప్లగ్గు పీకు!"

అవతలి గోడ దగ్గర అన్నం తింటున్న కుర్రాడు ఎంగిలి చేత్తోనే లాగేస్తాడు. చీకటి. నీ అరచేతిలో గూడు చువ్వలు నాలుగు గీతలుగా అచ్చుపడ్డాయి.

మేస్త్రి వచ్చి డిక్కీ మూత బార్లా తెరుస్తాడు, అరగంట ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. నీ చెయ్యి కుళాయి కింద పెట్టిస్తాడు. ఏమీ అనకపోవడమే కష్టంగా ఉంటుంది. రెండింటికి మబ్బు విడుతుంది. ఎక్కడినించో పగిలిన అద్దం ముక్క తెచ్చి, షెడ్డు బయట స్టూలు మీద ఆనిస్తాడు. ఎండ మళ్ళి వచ్చి డిక్కీ మూలలో పలకలా పడుతుంది. ఈసారి నీ మూతికి రెండు బొగ్గు డబ్బాల మాస్కు. నీలం నీలంగానే ఆరుతుంది.

సాయంత్రం తలుపుల దగ్గరికి రా. చీపురుపుల్లలు పట్టుకుని సుతారంగా తిప్పి లాగు. చెంబుతో నీళ్ళు అద్దం పట్టీలోకి పొయ్యి, చెవి తలుపుకి ఆనించు. లోపల గలగల. కింద మొదటి కన్నంలోంచి ధార. రెండోదాంట్లోంచి ధార.

మూల మలుపులో మూడోది పొడిగా ఉంది.

మేస్త్రి వైపు చూస్తావు. ఆయన కాలితో అట్టని నీ వైపు తోస్తాడు. పుల్ల తీసుకుని మళ్ళీ వెల్లకిలా పడుకుంటావు. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని.