కొండగుర్తు నుంచి కట్టడం వరకు: హైదరాబాదు పాతబస్తీ సందర్శన మార్గాలు, జల్‌పల్లి దారి

వ్యాస సంగ్రహం

చారిత్రక నగరాలను గైడు వెంట బ్యాటరీ బండిలో చూపించే పద్ధతి నేడు వ్యాపిస్తున్నది. ఏ స్థలం చూడదగినదో నిర్ణయించడంలో చరిత్రతో పాటు వాహనానికీ, దారికీ, జాబితాకూ భాగం ఉందని హైదరాబాదు పాతబస్తీ ఆధారంగా చూపడం ఈ వ్యాసోద్దేశం. చార్మినార్ నుంచి దక్షిణంగా జల్‌పల్లి వైపు సాగే దారి సందర్శకుల పటం నుంచి తప్పిపోయిన తీరు, అక్కడ మిగిలిన తెలుగు స్థలనామాల సాక్ష్యం ఇందులో చర్చించబడ్డాయి.

కీలక పదాలు: కొండగుర్తు, స్థలనామాలు, యాత్రాచరిత్ర, చెరువులు, పాతబస్తీ, జల్‌పల్లి

1. ప్రవేశిక

పాత నగరాల ఇరుకు సందులలో పెద్ద వాహనాలు తిరగలేవు. ఎండలో నడవలేని వృద్ధులు, పిల్లలు స్మారకాలను చూడలేకపోతారు. ఈ రెండు ఇబ్బందులకూ పరిష్కారంగా గోల్ఫ్ మైదానాల కోసం పుట్టిన బ్యాటరీ బండి నగర సందర్శనకు వచ్చింది. రోమ్ వంటి నగరాలలో గోల్ఫ్ కార్ట్ యాత్రలు స్థిరపడిన వ్యాపారం. మన దేశంలోనూ స్మారక ప్రాంగణాలలో, ఉద్యానాలలో, విమానాశ్రయాలలో ఇవి వాడుకలోకి వచ్చాయి. హైదరాబాదులో వీటిని ‘బగ్గీ’ అనడం కద్దు. ఒకప్పటి గుర్రపు బండి పేరు కొత్త వాహనానికి సంక్రమించడం గమనించదగినది. ఫలక్‌నుమా ప్రాసాదం 2010లో హోటలుగా మారిన తరువాత అక్కడి అతిథులను గుర్రపు బగ్గీలో తీసుకువెళ్ళే ఆచారం ఏర్పడింది. పాత మాట రెండు వాహనాలకూ చెల్లుతున్నది.

వాహనం మారినప్పుడు చూపు కూడా మారుతుందా అన్నది ఇక్కడి ప్రశ్న. ఒక నగరానికి గుర్తులుగా నిలిచే స్థలాలు అన్ని కాలాలలోనూ అవే ఉండవు. పల్లకిలో వచ్చిన యాత్రికునికి, ఏనుగు అంబారీ వెంట నడిచిన భక్తునికి, శాసనం చదివిన పురాతత్త్వవేత్తకు, బండిలో కూర్చున్న పర్యాటకునికి ఒకే నగరం వేర్వేరు గుర్తులను చూపింది.

2. ‘కొండగుర్తు’ అనే భావన

నేటి పర్యాటక రచనలలో ‘చారిత్రక కట్టడం’, ‘దర్శనీయ స్థలం’ అనే పదబంధాలు విరివిగా కనిపిస్తాయి. వీటికి ముందునుంచీ తెలుగులో ఉన్న మాట ‘కొండగుర్తు’. దూరం నుంచే కనిపించి, తానున్న చోటును బాటసారికి తెలియజెప్పేది కొండగుర్తు. దర్శనీయ స్థలం దగ్గరకు వెళ్ళి చూడవలసినది. కొండగుర్తు దారి తప్పకుండా చేసేది. మొదటిదానికి సౌందర్యం, ప్రాచీనత ప్రధానం. రెండవదానికి ఉపయోగం ప్రధానం. కొండ, చెరువు కట్ట, ఊరి చివరి మర్రి కొండగుర్తులు కావచ్చు. వాటికి నిర్మాత, నిర్మాణ కాలం, శాసనం ఉండవలసిన పని లేదు.

చార్మినార్ ఈ రెండు అర్థాలలోనూ గుర్తే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో, మీర్ మోమిన్ ప్రణాళిక ప్రకారం నాలుగు దిక్కుల దారులు కలిసే చోట దీనిని నిర్మించారు. పడమటి దారి పురానాపూల్ మీదుగా గోల్కొండకు, తూర్పు దారి మచిలీపట్నం రేవు దిశకు సాగేవి. ఉత్తర దారి చార్ కమాన్ మీదుగా మూసీ వైపు వెళుతుంది. దక్షిణ దారి కోహ్-ఎ-తూర్ అనే గుట్ట వైపు సాగేది. నేటి ఫలక్‌నుమా ఆ గుట్టమీదనే ఉంది. అంటే చార్మినార్ కేవలం చూడడానికి కట్టినది కాదు. నాలుగు దిక్కులనూ చెప్పే కూడలి. నేటి సందర్శన మార్గాలు ఈ నాలుగు చేతులలో ఉత్తర, పశ్చిమ భాగాలను నిలుపుకొని, దక్షిణ దారిని సగంలోనే వదిలివేశాయి.

3. పల్లకి చూపు: మజిలీలు, నీళ్ళు

17వ శతాబ్దిలో హైదరాబాదును చూసిన ఫ్రెంచి యాత్రికులలో తావెర్నియే మూసీ మీది వంతెనను పారిస్ నగరపు పోం నఫ్ వంతెనతో పోల్చాడు. తెవెనో చార్మినార్‌ను వర్ణిస్తూ, రాజప్రాసాదపు పై అంతస్తులకు నీరు చేరేలా ఆ కట్టడం ద్వారా నీటిని పైకి ఎక్కించే ఏర్పాటును పేర్కొన్నాడు. నేడు ఫొటోలకు నేపథ్యంగా మిగిలిన చార్మినార్ అతని దృష్టిలో నీటి యంత్రాంగంలో ఒక భాగం కూడా.

తెలుగులో ఈ నగరాన్ని గురించి విస్తృతంగా రాసిన తొలి యాత్రికులలో ఏనుగుల వీరాస్వామయ్య ముఖ్యుడు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దక్షిణం నుంచి కృష్ణ దాటి హైదరాబాదు చేరాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపిన ఆ రాతలు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి.

ఆ గ్రంథపు చూపు నేటి గైడు చూపుకు భిన్నం. బోయీల భుజాలమీద సాగే ప్రయాణంలో ప్రతి మజిలీ ఒక లెక్క. ఊరిలో సరుకులు దొరుకుతాయా, నీటి వసతి ఎట్లా ఉంది, దారి రేగడ నేలా, రాతి నేలా, దిగడానికి చోటు ఉందా అన్నవి వీరాస్వామయ్య పదే పదే నమోదు చేసే విషయాలు. రాజధాని వర్ణనకు ముందు చిన్న చిన్న ఊళ్ళ పేర్లు వరుసగా వస్తాయి. అందువల్ల ఆ రచనలో నగరం చుట్టుగోడ దగ్గర హఠాత్తుగా మొదలు కాదు. చెరువులూ పల్లెలూ గుట్టలూ దాటుతూ క్రమంగా సమీపిస్తుంది. మోసేవాళ్ళకు దాహం వేసే చోట నిలిచే వాహనం చెరువును విస్మరించలేదు.

4. ఊరేగింపు చూపు

స్థానికులకు నగరాన్ని మొదట చూపినది ఊరేగింపు. మొహర్రం పదవనాడు డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగుమీద బయలుదేరే బీబీ కా అలం చార్మినార్ పరిసరాల మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆషాఢ బోనాలలో అక్కన్న మాదన్న ఆలయ ఘటం నయాపూల్ వైపు ఊరేగుతుంది. ఈ దారులలో స్థలాలకు విలువ వాటి వయస్సును బట్టి రాదు. ఊరేగింపు ఎక్కడ ఆగుతుంది, ఎవరు ఎదురు వచ్చి మొక్కుతారు అన్నదాన్ని బట్టి వస్తుంది.

దక్షిణ దారికి కూడా ఇటువంటి ఒక రోజు ఉంది. జల్‌పల్లిని ఆనుకొని ఉన్న బాలాపూర్ నుంచి వినాయక నిమజ్జన ఊరేగింపు బయలుదేరి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ చేరుతుంది. అక్కడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై నేడు రాష్ట్రమంతటా వార్తగా నిలుస్తున్నది. ఏడాదికి ఒక్కరోజు దక్షిణ శివారు, చార్మినార్, హుస్సేన్‌సాగర్ ఒకే దారిగా కలుస్తాయి. శివారును నగరంలో అంతర్భాగంగా చూసే భౌగోళిక జ్ఞానం ఈ ఊరేగింపులో నిలిచి ఉంది. పర్యాటక పటంలో అది లేదు.

5. జాబితా చూపు

1914లో నిజాం ప్రభుత్వం పురాతత్త్వ శాఖను నెలకొల్పింది. గులాం యాజ్దానీ నాయకత్వంలో ఆ శాఖ చేసిన కృషి దక్కను చరిత్ర రచనకు పునాది. సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ 1927లో ఆంగ్లంలో ప్రకటించిన ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది దక్కన్’ హైదరాబాదు స్మారకాలకు తొలి సమగ్ర మార్గదర్శి. నగరంతో పాటు శివారులనూ తన పరిధిలోకి తీసుకున్న ఆ గ్రంథం కట్టడాల మీది శాసనాలకు ప్రాధాన్యమిచ్చింది.

ఆ పద్ధతి శాస్త్రీయమైనది, అవసరమైనది కూడా. మక్కా మసీదు నిర్మాణం 1617లో మొదలై ఔరంగజేబు కాలంలో 1694లో ముగిసిందని కచ్చితంగా చెప్పగలగడం ఇటువంటి కృషి ఫలితమే. అయితే శాసనం, తేదీ, నిర్మాత కొలమానాలు అయినప్పుడు ఆ మూడూ లేనివి జాబితా వెలుపల మిగులుతాయి. నీటి వనరుల విషయంలో ఈ తేడా స్పష్టం. 19వ శతాబ్ది తొలినాళ్ళలో 21 అర్ధవృత్తాకార తోరణాలతో కట్టిన మీర్ ఆలం చెరువు ఆనకట్ట ఇంజనీరింగు వింతగా ప్రసిద్ధికెక్కింది. మట్టి కట్టలతో నిలిచిన ఊరి చెరువులకు అటువంటి గుర్తింపు లేదు. పైగా ఆ జాబితాల భాష పార్సీ, ఉర్దూ, ఆంగ్లం. తెలుగు పేరుతో, తెలుగు మాటలో నిలిచిన గుర్తులకు వాటిలో చోటు తక్కువ.

శాసనం లేకపోయినా గుర్తుగా మారినదానికి ఒక ఉదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకొంటారు. నేడు ఆ చెట్టు వారసత్వ నడకలలో ఒక మజిలీ. దానిని గుర్తుగా నిలిపినది జనం చెప్పుకొన్న మాట.

6. బ్యాటరీ బండి: వీలు, హద్దు

బ్యాటరీ బండి గుణాలను నిష్పక్షపాతంగా చూడాలి. పొగ రాదు, చప్పుడు తక్కువ. పక్కలు తెరిచి ఉండడం వల్ల వీధి కనిపిస్తుంది, వినిపిస్తుంది. నడవలేనివారికి ఇది నిజమైన సదుపాయం. చార్మినార్ చుట్టూ వాహనాలను తగ్గించి పాదచారులకు చోటు కల్పించే పథకంతో దీనికి వైరుధ్యం లేదు.

దీని హద్దులు కూడా దాని నిర్మాణంలోనే ఉన్నాయి. వేగం తక్కువ, ఛార్జింగ్ ఉన్నంత దూరమే ప్రయాణం, సమతలమైన, భద్రమైన దారి కావాలి. కాబట్టి దగ్గరగా కూడి ఉన్న స్మారకాలనే ఇది కలపగలదు. చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజారు, చౌమహల్లా, గుల్జార్ హౌజ్ ఒక గుత్తిగా ఉండడం వల్ల ఇటువంటి యాత్రకు అనుకూలమైనవి. గైడు కథనమూ ఆ గుత్తికే కుదించుకుపోతుంది: ప్రేమకథగా చెప్పే భాగమతి ఐతిహ్యం, నవాబుల ముత్యాలు, గాజులు, బిర్యానీ. బండి చేరలేని చోటు క్రమంగా చరిత్రలో లేని చోటు అవుతుంది.

విమానయానం ఈ కుదింపును మరింత బిగించింది. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైంది. సందర్శకుడు ఇప్పుడు వీరాస్వామయ్య వలె దక్షిణం నుంచే వస్తాడు. కాని ఎత్తైన వంతెన దారిమీద సాగి, మధ్యనున్న ఊళ్ళను చూడకుండా స్మారకాల ముందు దిగుతాడు.

7. జల్‌పల్లి దారి

చార్మినార్ నుంచి దక్షిణంగా తొమ్మిది పది కిలోమీటర్ల దూరంలో, విమానాశ్రయానికి ఇవతల జల్‌పల్లి ఉంది. ఆ దారిలోని పేర్లను వరుసగా చదివితే ఒక చరిత్ర గ్రంథం చదివినట్లు ఉంటుంది. ఫలక్‌నుమా గుట్ట పాత పేరు కోహ్-ఎ-తూర్. కోహ్ అంటే పార్సీలో కొండ. తరువాతది చాంద్రాయణగుట్ట, గుట్ట తెలుగు మాట. ఆపైన 13వ శతాబ్దికి చెందినవాడని సంప్రదాయం చెప్పే బాబా షర్ఫుద్దీన్ దర్గా గల పహాడీ షరీఫ్. పహాడ్ ఉర్దూ మాట. మూడు భాషలలో మూడు కొండగుర్తులు ఒకే దారిని చూపుతున్నాయి. మెట్లెక్కి చేరవలసిన ఆ దర్గా సంప్రదాయం చార్మినార్ కంటే సుమారు మూడు వందల ఏళ్ళ ముందుది. నిజాం సైన్యంలోని హద్రమౌత్ అరబ్బుల నివాసమైన బర్కాస్ పేరు ‘బారక్స్’ నుంచి వచ్చింది. వీటి మధ్య జల్‌పల్లి, ఎర్రకుంట అనే పేర్లు పల్లెనూ కుంటనూ జ్ఞాపకం చేస్తున్నాయి.

ఈ పేర్ల ప్రాముఖ్యం భాషాశాస్త్రానికే పరిమితం కాదు. 2020 అక్టోబరు వర్షాలలో పల్లెచెరువు తెగి ఫలక్‌నుమా సమీపంలోని అల్ జుబైల్ కాలనీ, అలీనగర్ మునిగాయి. బాలాపూర్ గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబానగర్‌ను ముంచింది. జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్‌నగర్ నెలల తరబడి నీటిలోనే ఉండిపోయింది. అక్కడ ఇళ్ళు కొనుక్కున్నవారిలో ఎక్కువమంది చిన్న సంపాదనల కుటుంబాలవారు. వారు కొనుక్కున్న నేల గతమేమిటో కాలనీ పేరు చెప్పలేదు. చెరువు, కుంట అనే పాత మాటలు చెప్పగలిగేవి. కొండగుర్తులను మరచిన నగరం వరద నీటి దారిని కూడా మరచిపోయింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

ఒకటి, సందర్శనీయ స్థలాల పట్టిక చరిత్ర నుంచి నేరుగా రాలేదు. పల్లకి, ఊరేగింపు, శాసనాల జాబితా, బ్యాటరీ బండి తమతమ అవసరాల మేరకు దానిని రూపొందించాయి.

రెండు, హైదరాబాదు విషయంలో ఈ క్రమం కట్టడాన్ని ముందుకు తెచ్చి, నీటినీ నేల పేర్లనూ వెనక్కి నెట్టింది. దక్షిణ దారి అందుకు నిదర్శనం.

మూడు, 2017లో తెలంగాణ వారసత్వ పరిరక్షణకు ప్రత్యేక చట్టం చేసుకున్నది. వారసత్వమంటే గోడలూ మినార్లూ అనే అర్థంలోనే ఆగకుండా చెరువు కట్టలు, అలుగులు, వాటి పేర్లను కూడా ఆ దృష్టితో చూడవలసి ఉంది.

నాలుగు, ఇందులో తెలుగు శాఖల బాధ్యత ప్రత్యేకమైనది. జల్‌పల్లి, బాలాపూర్, ఎర్రకుంట పరిసరాలలో కుంటలు, వాగులు, పొలాల పేర్లు వృద్ధుల నోటిలో ఇంకా ఉన్నాయి. వాటిని తెలుగులోనూ, దక్కనీ ఉర్దూ పలుకుబడితోనూ సేకరించి, పాత రెవెన్యూ పటాలతో పోల్చి ప్రకటించడం అత్యవసరమైన క్షేత్రకార్యం. ఆ పని పూర్తయితే గైడు చెప్పడానికి ఒక కొత్త కథనం దొరుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, అక్కడ ఇల్లు కట్టుకోబోయేవారికి తమ కాలికింది నేల చరిత్ర తెలుస్తుంది.